పారని ఎరుపు

మొన్న కొత్తపేటలో ఒక చీరల దుకాణంలో నాకు ఒళ్లు మండింది. నేను కొనడానికి పోలేదు. మా ఆఫీసులో పనిచేసే ఆమె వాళ్ల అత్తగారికి చీర తీసుకోవాలని తోడు రమ్మంటే పోయాను. మా పక్కన కూర్చున్న ఒకావిడ పోచంపల్లి చీర విప్పించి, అంచు మీది ఏనుగును గోటితో గీకి చూసి, "ఇదేంటమ్మా, బొమ్మలు మసకమసకగా ఉన్నాయి? ప్రింటు సరిగ్గా పడలేదు, వేరేది తియ్యి" అంది. చీరలు చూపించే అమ్మాయి దాన్ని మడత పెట్టేసింది.

ప్రింటట! నూలును ముందే కట్లు కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, ఆ తర్వాత నేస్తే తేలే ఏనుగది. దాని అంచు కాస్త చెదిరినట్టు ఉంటేనే అది చేతిపని. గీత గీసినట్టు ఉంటే అప్పుడు అనుమానించాలి. ఆ ముక్క చెబుదామని నోరు తెరిచాను. మా మేనత్త గుర్తొచ్చింది.

ఆమె గనక అక్కడ ఉంటే చీరను తన ఒళ్లోకి లాక్కుని, "నీకు గీ చీర ఒద్దు తల్లీ. మిల్లు చీర కొనుక్కో, గీతలు సక్కగుంటయ్" అనేది. బేరం పోతుందన్న బెంగ ఆమెకు ఏనాడూ లేదు. అత్త పోయి ఏడాది దాటింది. మసక అనే మాట చెవిన పడితే నాకు ఇప్పటికీ నీరసం వస్తుంది. ఆ మాట మాకు ఆలస్యంగా దొరికింది, దొరికేదాకా మేమిద్దరం దవాఖాన చుట్టూ తిరుగుతూనే ఉన్నాం.

చిన్నప్పుడు నేను అత్తకు కాళ్లు లేవనుకునేదాన్ని. నవ్వకండి. మాది నల్లగొండ. సెలవుల్లో పోచంపల్లికి ఎప్పుడు పోయినా ఆమె ముందుగదిలో మగ్గం గుంటలో కూర్చుని నడుము దాకానే కనిపించేది. కాళ్లు కింద గుంటలో చెక్కలు తొక్కుతూ ఉండేవి, మనకు కనపడవు. అక్కడినుంచే ఇంటి పెత్తనమంతా చేసేది. వంటింట్లో పప్పు పొంగితే వాసన పట్టి అరిచేది. వీధిలో పోయేవాళ్లను కిటికీలోంచి పిలిచి వాళ్ల ఇంటి సంగతులు అడిగేది. నేను గడపలో కాలు పెట్టగానే, "వచ్చినవా? తిన్నవా? ఆ జడేంది, కాకులు పీకినట్టు? గిటు రా" అని గుంట అంచున కూర్చోబెట్టుకుని జడ విప్పి మళ్లీ అల్లేది.

సరిచేయకుండా ఉండలేకపోవడం ఆమె జబ్బు. ఆ నేతే అలాంటిది. అడ్డంగా పడే పేక దారం ఒక్కొక్కటి వేసినప్పుడల్లా అంచు దగ్గర వేలితో కొంచెం అటో ఇటో లాగి, ఎరుపు కింద ఎరుపు, తెలుపు కింద తెలుపు పడేట్టు చూసుకోవాలి. పొద్దంతా అదే పని చేసిన వేళ్లు మగ్గం దిగాక ఊరుకుంటాయా? గూట్లో గ్లాసులు సర్దేది. క్యాలెండరు వంకర తీసేది. ఓసారి బస్సులో ముందు సీటులో కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆమె భుజం మీది కొంగు మడతలు సరిచేస్తుంటే, ఆమె ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. "అంచు తిరగబడ్డది బిడ్డా, గందుకే" అంది అత్త, తప్పేమీ చేయనట్టు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

మామ రంగు పని చేసేవాడు. నూలుకు రబ్బరు పేలికలతో కట్లు కట్టడం, ఉడికే రంగులో ముంచడం, పిండి ఆరేయడం ఆయన వంతు. నేయడం ఆమె వంతు. ఆయన చేతులు మణికట్టు దాకా ఎప్పుడూ ఎర్రగానో నల్లగానో ఉండేవి. అత్త ఆయన పేరు చెప్పేది కాదు, "రంగులాయన" అనేది. ఎదురుగా ఉంటే "ఓ రంగులాయనా" అని పిలిచేది. వాళ్లకు పిల్లలు లేరు. ఆమె తిట్లు, ఆయన "ఊఁ"లు, ఈ రెండిటితో ఆ ఇల్లు నిండుగా ఉండేది.

రాష్ట్రమొచ్చిన కొత్తలో, నా చదువు అయిపోవస్తున్న రోజుల్లో, ఒక ఎండాకాలం అనుకుంటాను, నేను వాళ్లింట్లో ఉన్నప్పుడే ఆ రంగు పంచాయితీ మొదలైంది. నేను గడప మీద కూర్చుని పేలాలు తింటున్నాను. అత్త మగ్గం ఆపేసింది.

"ఓ రంగులాయనా! గిటు రా. కండ్లు పెట్టుకొని కట్టినవా, నిద్రల కట్టినవా? ఎర్ర తెల్లలకు పారుతాంది సూడు!"

మామ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. చీర మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత అత్త మొహం చూశాడు.

"ఊఁ," అన్నాడు. "పారినట్టే ఉంది."

"ఉన్నట్టేంది? పారింది! ఏనుగు గాదది, బురదల పొర్లిన బర్రె!"

నాకు చీర కంటే తగువే సరదాగా ఉంది. నేను లేచి చూడలేదు. మామ మాత్రం మాట్లాడకుండా పోయి మిగిలిన నూలు కట్లన్నీ విప్పి మళ్లీ బిగించి కట్టాడు. రంగు దుకాణం మార్చాడు. ఇంట్లో బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైందేమోనని ఎక్కడినుంచో మంచినీళ్లు మోసుకొచ్చి రంగు కలిపాడు. అయినా ఆమె మెడ ఒక పక్కకు వంచి, ఒక కన్ను చిట్లించి, రోజూ తిడుతూనే ఉంది. కొన్ని వారాలకు, మామ అంత తిప్పలు పడ్డాక, ఒకనాడు "గిప్పుడు కుదిరింది. మొదలే గిట్ల చేస్తే నీ సొమ్మేం బోయె?" అంది. మామ గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ ఆదివారం ఆయన మటన్ కొట్టుకు పోయి యాటకూర తెచ్చాడట. రంగు కుదిరినందుకు యాటకూరేమిటని అత్త దానికీ తిట్టిందట.

అప్పుడు నేసిన చీరను మాత్రం ఆమె చీరలు కొనే సేటుకు ఇవ్వలేదు. "రంగు పారిన చీర నా మగ్గం మీదికెల్లి బయటికి పోదు" అని మడతపెట్టి పెట్టె అడుగున పడేసింది.

మరుసటి ఏడాది వానాకాలంలో ఆమె కాళ్లు తిమ్మిరెక్కాయి. మొదట ఎవరూ పట్టించుకోలేదు. వాన పడితే మగ్గం గుంటలో చెమ్మ ఊరుతుంది, నేతవాళ్ల కాళ్లు పట్టేస్తాయి, అది అందరికీ ఉన్నదే. వేడి ఇసుక మూట కట్టి కాపడం పెట్టారు. వేపనూనె రాశారు. తిమ్మిరి పాదాల నుంచి మోకాళ్లకు, మోకాళ్ల నుంచి నడుముకు ఎక్కింది. ఒక పొద్దున ఆమె గుంటలోంచి లేవబోయి లేవలేకపోయింది. చెక్కలు తొక్కుతున్నానో లేదో తెలియడం లేదంది. మామ చంకల కింద చేతులేసి బయటికి లాగాడు.

నల్లగొండలో డాక్టరు చూసి, ఇది నరాల డాక్టర్లు చూడాల్సింది, పట్నం పొమ్మన్నాడు. అప్పటికి నేను ఎల్బీనగర్‌లో గది కిరాయికి తీసుకుని ఉద్యోగం చేస్తున్నాను. దవాఖాన బాధ్యత నా మీద పడింది. మామ రాలేదు. ఉడికే రంగు వదిలి రాలేనని చెప్పాడు కానీ, అసలు సంగతి ఆయనకు దవాఖాన అంటే భయం.

పెద్ద దవాఖానలో తలకు, వెన్నుకు స్కానింగు తీశారు. నడుములోంచి నీళ్లు తీశారు. కొన్నాళ్లు ఉంచుకుని సెలైన్‌లో మందు ఎక్కిస్తే కాళ్లలోకి మెల్లగా ప్రాణం వచ్చింది. ఇంటికి పంపేముందు పెద్ద డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు.

"మల్టిపుల్ స్క్లెరోసిస్ అని ఒక జబ్బుంటుందమ్మా. ఎమ్మెస్ అంటాం. నరం మీద ఒక పొర ఉంటుంది. అది అక్కడక్కడ దెబ్బతింటుంది."

"దారం మీద గంజి లేసిపోయినట్టా సారూ?" అంది అత్త.

ఆయన కొంచెం ఆలోచించి, అట్లాగే అనుకోమన్నాడు. "కానీ మీకు అదే అని ఇప్పుడే చెప్పలేం. స్కానింగులో మచ్చలు ఉన్నాయి, అవి వేరే కారణాలతోనూ రావొచ్చు. ఇట్లా ఒక్కసారి వచ్చి, మళ్లీ జన్మలో రానివాళ్లూ ఉన్నారు. ఇంకోసారి వస్తే, లేదా ఇంతకుముందే ఒకసారి వచ్చి ఉంటే, అప్పుడు ఖాయం చేస్తాం. మందు మొదలుపెడతాం. అందాకా చూడాలి." ఆ తర్వాత అడిగాడు. "ఇంతకుముందు ఎప్పుడైనా కళ్లు మసకబారాయా? ఒక కన్ను సరిగ్గా కనపడకపోవడం, రంగులు వెలిసినట్టు ఉండటం?"

"నా కండ్లకేమైంది సారూ? సీకట్ల సూదిల దారం ఎక్కిస్త!"

అట్లా మొదలైంది ఎదురుచూపు. కొన్ని నెలలకోసారి పోవడం, తెల్లారకముందే చీటీ కోసం నిలబడటం, మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చోవడం. పోయినప్పుడల్లా కొత్త పిల్ల డాక్టరు ఉంటారు. మోకాలి మీద సుత్తితో కొడతారు, అరికాలు గీకుతారు, కళ్లు మూసుకుని నిలబడమంటారు. కళ్లు ఎప్పుడైనా మసకబారాయా అంటారు. లేదంటుంది. ఇంకొన్నాళ్లు చూద్దాం అంటారు. చూడటానికి ఏముంటుంది? నాకైతే ఆ మాట వింటే గోడకు తల కొట్టుకోవాలనిపించేది.

ఒకసారి తిరిగి వస్తుంటే, హయత్‌నగర్ దాటాక అత్త అంది.

"నాకొకటి సమజైతలేదు బిడ్డా. రోగం పేరు తెల్వాల్నంటే మళ్ల రోగం రావాల్నా? వాన కోసం చూసినట్టు దానికోసం చూడాల్నా?"

"రావొద్దనే చూస్తున్నం అత్తా."

"రాకుంటె పేరు రాదు. పేరు రాకుంటె మందు రాదు. మంచిగుంది పో!"

ఊళ్లో అందరికీ జవాబు చెప్పడం ఇంకో శిక్ష. మేం బస్సు దిగడమే ఆలస్యం, "ఏమన్నరు? ఏం రోగమట?" అని అడిగేవాళ్లు. గాలి సోకిందని ఒకరు, దిష్టి అని ఒకరు, తలా ఒక పేరు పెట్టేవాళ్లు. అత్త మొదట్లో ఓపిగ్గా చెప్పేది. తర్వాత తర్వాత, "ఇంకా పేరు పెట్టలె. తొట్లె చేసినంక పిలుస్త, వచ్చి బువ్వ తినిపో" అనేది. బిడ్డను తొట్టెల్లో వేసే రోజునే కదా మనవాళ్లు పేరు పెట్టేది. వాళ్లు నవ్వేవాళ్లు, ఆమె కూడా నవ్వేది. ఇంట్లోకి వచ్చి చెప్పులు విడవకుండానే మంచం మీద వాలిపోయేది.

అలసట ఆమెను ఎక్కువ బాధపెట్టింది. కాళ్లు నడుస్తున్నాయి, చేతులు ఆడుతున్నాయి, చూసేవాళ్లకు ఏ లోటూ కనపడదు. కానీ బియ్యం ఏరితే చాలు, పడుకోవాలి. "నేసి అలిసిన అలసట నాకెరుకే. అది పండుకుంటె పోతది. గిది నెయ్యకుంటనే అలసట, పండుకుంటె కూడ పోదు" అనేది. దొంగవేషాలు వేస్తోందని వీధిలో ఒకామె అన్నదని తెలిసి, ఆ రోజంతా అన్నం ముట్టలేదు. జబ్బుకు పేరుంటే కనీసం నమ్ముతారు. పేరు లేకపోతే మనమీద మనకే అనుమానం వస్తుంది. "నేను నిజంగనే నకరాలు చేస్తున్ననా ఏందే?" అని నన్నే అడిగింది, ఎవరికీ లొంగని ఆ మనిషి.

మగ్గం అట్లాగే ఆగిపోయి ఉంది. మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. ఒక పడుగు మీద, అంటే మగ్గానికి ఎక్కించిన నిలువు పోగుల మీద, కొన్ని చీరలు దిగాక, చివర జానెడు నూలును దువ్వెనలాంటి అచ్చులోనే వదిలేస్తారు. కొత్త పడుగు రాగానే, వేళ్లకు బూడిద రాసుకుని పాత దారం కొసకు కొత్త దారం కొస మెలేసి అతుకుతారు. అన్ని పోగులూ అట్లా అతికి ముందుకు లాగితే మగ్గం మళ్లీ మొదలు. ఆ పాత కొసలు తీసేశారంటే ఇక ఆ ఇంట్లో నేత మానేశారని అర్థం. అత్త మగ్గం మీద ఆ జానెడు నూలు దుమ్ముపట్టి వేలాడుతూ ఉంది. చుట్టుపక్కల వాళ్లు గుంట పూడ్చి బండలు వేసుకోమని సలహా ఇచ్చారు. కాళ్లు తడబడే మనిషి ఎప్పుడో అందులో పడుతుందన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు.

అత్త అందరిముందు గట్టిగా చెప్పింది. "డాక్టరు నోటెంట పేరు వచ్చేదాక గుంట జోలికి ఎవ్వరు రావొద్దు. పేరు వచ్చిందా, నేనే మన్ను పోస్త."

అందుకే పేరు రావాలని, రాకూడదని కూడా ఆమెకు ఉండేది. వస్తే మందు దొరుకుతుంది, మగ్గం పోతుంది. రాకపోతే మగ్గం ఉంటుంది, కానీ దాని మీద కూర్చునే ధైర్యం రాదు. 

ఆ ఏడు సద్దుల బతుకమ్మకు నేను పోచంపల్లి పోయాను. ఆఫీసు నుంచి అట్లాగే బస్సెక్కాను, కట్టుకోవడానికి మంచి చీర తెచ్చుకోలేదు. అత్త తిట్టి, తర్వాత అంది. "పెట్టెల అడుగున ఒకటున్నది సూడు. రంగు పారిన చీర. మాపటికి బతుకమ్మ కాడ ఎవరు చూస్తరు తియ్, కట్టుకో."

చీర తీసి వాకిట్లో ఎండలో విప్పాను. మామ ఓ మూల కూర్చుని తెల్ల గునుగు పూలను కట్టలు కట్టి ఎర్ర రంగులో ముంచుతున్నాడు. నేను కుచ్చెళ్ల దగ్గర నుంచి కొంగు దాకా వెతికాను. ఏనుగుల వరస ముచ్చటగా ఉంది. అంచుల్లో ఉండాల్సినంత చెదురే ఉంది. ఎరుపు ఎక్కడా తెలుపులోకి దిగలేదు.

"యాడ పారింది అత్తా? నాకు కనిపిస్తలేదు."

"గుడ్డిదానివా? తే గిటు."

ఆమె చీరను ఒళ్లోకి తీసుకుంది. కొంగు తిప్పింది. అంచు వెంట వేలు నడిపింది. మళ్లీ మొదటికి వచ్చింది. "గిది ఆ చీర గాదు" అంది. కానీ ఆ చీరే. కొంగు మూల ఆమె ప్రతి చీరకు వేసే చిన్న ముడి ఉంది. దాన్ని తడిమి చూసుకుని, ఒక కన్ను మూసుకుంది. ఆ తర్వాత రెండోది మూసుకుంది. చీర ఒళ్లోకి దించింది. నాకు అప్పుడు తట్టింది. డాక్టర్లు అడిగీ అడిగీ అలిసిపోయిన ప్రశ్న.

"ఓ రంగులాయనా," అంది అత్త. గొంతు పైకి లేవలేదు. "అప్పుడు ఎర్ర పారలేదా?"

మామ తలెత్తలేదు. పువ్వుల కట్టను రంగులోనే పట్టుకుని ఉన్నాడు.

"పారలె."

"నీకు ఎరుకేనా?"

"ఊఁ."

"మరి ఎందుకు చెప్పలేదయ్యా? అన్ని తిట్లు తింటివి! దుకాణం మారిస్తివి, నీళ్లు మోస్తివి!"

"పారలేదంటె నీ కండ్లు పోయినట్టాయె గదా," అన్నాడు మామ. "నా రంగే పోయిందనుకుంటె అయిపాయె. రంగు పోతె మళ్ల అద్దొచ్చు."

ఆయన అంత పొడుగు మాట చెప్పడం నేను అప్పుడే విన్నాను. కట్ట పైకి తీస్తే గునుగు పూలు మరీ ముదురు ఎరుపు ఎక్కి ఉన్నాయి. అత్త వాటిని చూసి కూడా ఏమీ అనలేదు. డాక్టర్లు ఇదే అడుగుతున్నారని నేను చెప్పినప్పుడు మామ మొహం పాలిపోయింది. పాపం, ఆయనకేం తెలుసు? ఆయన ఏనాడూ లోపలికి రాలేదు. ఆ కన్ను తనంత తానే బాగైపోయేసరికి, గండం గడిచిందని యాటకూర తెచ్చుకున్న మనిషి.

తర్వాతిసారి దవాఖానకు పోతున్నప్పుడు బస్సులో అత్త కిటికీ వైపు తిరిగి కూర్చుంది. చెబుతావా అని నేను అడగలేదు. అడిగే హక్కు నాకెక్కడిది? చౌరస్తా దాటాక ఆమే అంది.

"పేరొస్తె మందిస్తరు గదా?"

"ఇస్తరు."

"గుంట పూడుస్తనని అందరి ముందట నేనే అంటి."

"అన్నవ్."

"నా నోరు మంచిది గాదు బిడ్డా." కొంగు అంచు సరిచేసుకుంటూ, "అయినా ఆయన మీద ఏసిన నింద తియ్యాలె గదా" అంది.

ఆ రోజు ఒక అమ్మాయి డాక్టరు ఉంది. బల్ల మీద చీటీలు చిందరవందరగా ఉంటే అత్త వాటిని ఒకదాని కింద ఒకటి అంచులు కలిపి పేర్చింది. డాక్టరు సుత్తితో కొట్టింది, అరికాలు గీకింది. కళ్లు ఎప్పుడైనా మసకబారాయా అంది, జవాబు తెలిసినదానిలా రాసుకుంటూనే.

"అయినయమ్మా."

ఆ పిల్ల కలం ఆపింది. "లేదని రాసి ఉంది కదండీ ఇక్కడ?"

"మాకు అప్పుడు ఎరుకలే. ఎర్ర పారుతాందనుకున్నం. మా ఆయన రంగు మంచిగనే ఉండె. నా కన్నే పాడు." ఆ మాట ఆమె సాక్ష్యం చెప్పినట్టు, నిటారుగా కూర్చుని చెప్పింది.

పెద్ద డాక్టరు వచ్చాడు. మళ్లీ మొదటినుంచి చెప్పించుకున్నాడు. చీకటి గదిలో తెర ముందు కూర్చోబెట్టి, తలకు వైర్లు అంటించి, నలుపు తెలుపు గళ్లు అటూ ఇటూ మారుతుంటే చూడమన్నారు. "గీ గళ్లు నేసినోడు ఎవడో గని, ఒక్క తీరుగ నిలుస్తలేవు" అని గొణిగింది. ఎడమ కంటి నరానికి ఎప్పుడో దెబ్బ తగిలి ఉందని ఆ పరీక్షలో తేలింది. సాయంత్రానికి చీటీ మీద ఇంగ్లీషులో పేరు రాశారు. ఈసారి దాని పక్కన ప్రశ్న గుర్తు లేదు.

నేను ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "పేరు పెట్టిన్రు," అంది. బస్సెక్కగానే నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. అంత గాఢంగా ఆమె నిద్రపోవడం నేను ఎన్నడూ చూడలేదు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, చేతిలో చీటీ నలిగిపోయింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. జబ్బు అని తేలినందుకు ఇంత తేలికగా ఉంటుందా అని నామీద నాకే కోపం కూడా వచ్చింది.

ఇంటికి చేరేసరికి ముందుగదిలో మామ నేల మీద కూర్చుని ఉన్నాడు. ఎర్రటి వేళ్లకు బూడిద. పొద్దున మేం బస్సెక్కినప్పటి నుంచీ కూర్చున్నట్టున్నాడు. పాత నూలు కొసలకు కొత్త పడుగు సగానికి పైగా అతికి ఉంది. ఆ పని ఆయనకు అలవాటు లేదు, అతుకులు అక్కడక్కడ లావుగా ఉన్నాయి.

"పేరు వచ్చింది," అంది అత్త గడపలోనే నిలబడి. "మన్ను పోయాలె."

మామ తల తిప్పలేదు. "పడుగు ఎక్కించిన. గిది అయినంక పోద్దం."

అత్త కొంతసేపు ఆయన వీపు చూసింది. ఆ తర్వాత మెల్లగా నడిచివెళ్లి పక్కన కూర్చుంది. "అదేం అతుకుడయ్యా, తాడు పేనుతున్నవా? జరుగు" అంది.

మందు మొదలైంది. జబ్బు పోలేదు, అది పోయేది కాదు, కాస్త నెమ్మదించింది. కొన్ని రోజులు నేసేది, కొన్ని రోజులు గుంట దగ్గరికే వచ్చేది కాదు. వరుసగా ఇన్ని చీరలని లెక్క లేదు. ఒక పడుగు అయిపోవస్తుంటే మామ ముందే ఇంకోటి అతికేవాడు. "మన్ను ఎప్పుడు పోద్దం?" అనేది ఆమె. "గిది అయినంక" అనేవాడు ఆయన. అది వాళ్ల మధ్య ఒక ఆటలా అయింది. ఎవరైనా ఏం రోగమని అడిగితే అత్త ఆ పేరు పూర్తిగా, ఒక్కో అక్షరం ఒత్తి చెప్పేది, వాళ్లు మళ్లీ అడగకుండా. చివరికి ఆమెను తీసుకుపోయింది ఆ జబ్బు కాదు. విషజ్వరం వచ్చింది, వారం తిరగకుండానే పోయింది. ఇన్నేళ్లు ఒకదానికి భయపడి కూర్చున్నాం, ఇంకోటి వచ్చి పట్టుకుపోయింది. నాకు దేవుడితో ఇప్పటికీ మాటల్లేవు.

మొన్న ఆ చీరల దుకాణంలోంచి బయటికి వచ్చి మామకు ఫోన్ చేశాను. ఎత్తడానికి చాలాసేపు పట్టింది. వెనకాల మగ్గం చెక్కల చప్పుడు ఆగింది.

"మామా, నువ్వు నేస్తున్నవా?"

"ఆమె సగం ఇడిసిపెట్టింది ఉండె గద బిడ్డా."

"అది ఏడాది కిందిది. ఇంకా అయిపోలేదా?"

"అది అయింది. గిది ఇంకోటి అతికిన."

గుంట సంగతి అడుగుదామనుకున్నాను, జవాబు తెలిసి ఊరుకున్నాను. తిన్నావా అంటే తిన్నానన్నాడు. ఎట్లా వస్తోంది చీర అని అడిగాను.

"ఏం వచ్చుడు? ఎర్ర జర పారింది," అన్నాడు మామ.

"మామా, నీ కండ్లు మంచిగున్నయా?"

"కండ్లకేమైంది? నిజంగనే పారింది బిడ్డా," అన్నాడు. "తిట్టేటామె లేక నా రంగు పని చెడిపాయె."